తీజ్ బుట్టలో మట్టి: సుగాలీ తండాల కరువు చరిత్ర

శ్రావణమాసం వస్తే మా హాస్టల్ ఆడపిల్లలు తండాలో పెట్టినట్టే తీజ్ బుట్టలు పెడతారు. అల్లిన బుట్టల్లో పుట్టమన్ను, పశువుల ఎరువు కలిపి నింపుతారు. నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాటలు పాడతారు. చివరిరోజు పచ్చగా లేచిన మొలకలను నీటిలో కలుపుతారు. ఇదంతా మీకు తెలిసిందే.

ఒక ఏడాది పుట్టమన్ను దొరకలేదు. పిల్లలు హాస్టల్ వెనక ఉన్న బీడు చేనులోంచి మట్టి తెచ్చి బుట్టలు నింపారు. పోసిన నీళ్లు పోసినట్టే అడుగున కారిపోయాయి. నాలుగో రోజైనా మొలక సరిగ్గా లేవలేదు. మా వంటామె ఆ మట్టిని అరచేతిలో పోసుకుని ఊదింది. మెత్తటి దుమ్ము ఎగిరిపోయి గరుసు మిగిలింది. "ఇది మట్టి కాదమ్మా, మట్టి కొట్టుకపోయినాక మిగిలింది" అంది. చెరువులోంచి గంపెడు పూడిక మట్టి తెప్పించి బుట్టలు మళ్లీ నింపించింది. ఆ మట్టిలో గోధుమలు మూడో రోజుకే పచ్చబడ్డాయి.

అప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "మా తండా చేన్లన్నీ ఇట్లే ఉన్నాయి మేడం. మట్టి యాడికి పోయింది?"

ఆ పూట మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత పెద్దలను అడిగి, పుస్తకాలు చదివి, మన అనంతపురం తండాల కథను వరుసగా పేర్చుకున్నాం. ఈ సంచికలో మీ కోసం రాస్తున్నది అదే. కరువు అనగానే వాన గురించే మాట్లాడుకుంటాం. మట్టి గురించి కూడా మాట్లాడుకుంటేనే మన కథ మనకు అర్థమవుతుంది.

నడిచే తండా

తండా అంటే ఇప్పుడు మనకు ఊరు. మన పూర్వీకులకు తండా అంటే నడిచే బిడారు. ఎద్దుల వీపుల మీద గోనెలు వేసి, కోస్తా నుంచి ఉప్పును లోపలి సీమలకు, అక్కడి నుంచి ధాన్యాన్ని, పప్పులను ఇతర ప్రాంతాలకు మోసేవారు. ఆ వృత్తినే మన గోర్‌బోలీలో లదేణి అంటాం. పెద్ద తండా కదిలితే వేల ఎద్దులు కదిలేవి. మొగలుల సైన్యాలకు ధాన్యం మోస్తూ భంగీ, జంగీ నాయకులు దక్కనుకు దిగివచ్చారని మన పెద్దలు చెబుతారు. మనం కొలిచే సేవాలాల్ మహరాజ్ 1739లో మన గుత్తి దగ్గరే పుట్టారని మన నమ్మకం. ఆయన కథల నిండా ఆవులు, ఎద్దులు, దారులు, నీటి చెలమలే ఉంటాయి.

1791-92లో టిప్పు సుల్తానుతో యుద్ధం చేస్తున్న కారన్‌వాలిస్ సైన్యానికి తిండి అందించినవారిలో బంజారాలు ముఖ్యులు. అదే కాలంలో దక్కనులో ఘోరమైన కరువు వచ్చింది. చచ్చినవాళ్లను పూడ్చే దిక్కులేక పుర్రెలు బయట పడి ఉన్నందువల్ల దానికి పుర్రెల కరువని పేరు వచ్చింది. అలాంటి కాలంలో ఎక్కడ ధాన్యం ఉందో, ఎక్కడ లేదో, మధ్యలో ఎద్దులకు మేత, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవారు మన తాతలు. ఒక సీమలో వాన లేకపోతే మరో సీమకు నడిచేవారు. వారి బతుకు ఒకే నేలను నమ్ముకుని లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

మూసుకుపోయిన దారులు

1800లో నిజాం మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దీన్ని దత్త మండలాలన్నారు. రాయలసీమ అనే పేరు 1928లో వచ్చింది. కంపెనీ పాలన వచ్చిన కొన్నేళ్లకే, 1805లో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు ప్రభుత్వ గుత్తసొత్తయింది. మన వ్యాపారానికి అది మొదటి దెబ్బ. తర్వాత బండ్లు నడిచే రోడ్లు వచ్చాయి. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. ఆ పట్టాలు మన గుత్తి మీదుగానే పోతాయి. వెయ్యి ఎద్దులు వారాల తరబడి మోసే సరుకును రైలు ఒక్కరోజులో లాక్కుపోయింది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాంతో కొండల్లో పశువులను స్వేచ్ఛగా మేపే హక్కు పోయింది. అనంతపురం జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. వృత్తి పోయినా తిరగడం మానని జాతులను ప్రభుత్వం అనుమానంతో చూసింది. ఉత్తరాన 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. కొన్నిచోట్ల లంబాడీ, సుగాలీ గుంపులను కూడా ఆ జాబితాకెక్కించారు. పుట్టుకతోనే దొంగ అని ముద్రవేసే ఆ చట్టం దేశమంతటా రద్దయ్యేసరికి 1952 వచ్చింది. కరువొస్తే కదలడమే మన పూర్వీకుల ఆయుధం. ఆ కదలికే నేరమైంది.

ధాత కరువు

ఈ మార్పుల మధ్యలోనే 1876 వచ్చింది. తెలుగు సంవత్సరం ధాత. నైరుతి వానలు రాలేదు, ఈశాన్య వానలూ రాలేదు. మరుసటి ఏడాది కూడా కాలం వెనకబడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికంటే ఎక్కువ నష్టపోయినవి బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు. మన అనంతపురం అప్పుడు బళ్లారి జిల్లాలో భాగం. 1876-78 మధ్య దక్షిణ భారతంలో, దక్కనులో 50 లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. 1881లో జనాభా లెక్కలు తీస్తే ఈ జిల్లాల జనం పదేళ్ల కిందటి కంటే తగ్గిపోయారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రైలు వచ్చింది కాబట్టి ధాన్యం రాలేదని చెప్పడానికి వీల్లేదు. స్టేషన్ల దాకా వచ్చింది. అక్కడి నుంచి లోపలి పల్లెలకు మోయాలంటే ఎద్దులు కావాలి. మేతా నీళ్లూ లేక ఎద్దులు చచ్చిపోయాయి. మోసే తండాలు అప్పటికే చితికిపోయి ఉన్నాయి. ధాన్యం వచ్చినా ధర జనానికి అందేట్టు లేదు.

ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోడ్లు వేయించింది, చెరువులు తవ్వించింది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి కూలిని తగ్గించి, రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిపాటి పైకం చాలన్నాడు. అంత తిండితో మట్టి పని చేసే మనిషి బతకలేడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. మన తండాల్లో ఈనాటికీ ఉపాధి పనిని "కరువు పని" అనే అంటారు కదా. ఆ మాట వెనక ఇంత చరిత్ర ఉంది.

వాలు మీద దొరికిన నేల

తిరిగే బతుకు ముగిశాక తండాలు కొండల అంచున, ఊళ్లకు దూరంగా నిలబడ్డాయి. చెరువు కింది భూములు, నల్లరేగడి భూములు అప్పటికే ఊరి రైతుల చేతుల్లో ఉన్నాయి. మన వాళ్లు కట్టెలు కొట్టి అమ్మారు, కూలికి పోయారు, పశువులు మేపారు. స్వాతంత్ర్యం తర్వాత డి.కె.టి. పట్టాలు వచ్చినా, అవి చాలావరకు మిగిలిపోయిన గరుసు నేలలు, గుట్ట వాలులు. పట్టా కాగితం చేతికొచ్చిన రోజు మన తాతల కళ్లలో సంతోషం నిజమే. ఆ నేల స్వభావం మాత్రం ఆ కాగితంలో రాసి లేదు.

ఎర్రనేల స్వభావం ఇది. పైన పలుచని మట్టి, కింద గరుసు, ఆ కింద రాయి. ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. పడే ఆ కాస్త వానా ఏడాదంతా సమంగా పడదు. నాలుగైదు పెద్ద వానలుగా కురుస్తుంది, మధ్యలో వారాల తరబడి బెట్ట.

బోసి నేల మీద పెద్ద చినుకు పడితే మట్టి చెదురుతుంది. మెత్తటి రేణువులు నేల రంధ్రాలను మూసి పైన చెక్కు కడుతుంది. నీళ్లు లోపలికి దిగవు, వాలు పట్టి పారతాయి. పారే నీళ్లు ముందుగా తీసుకుపోయేది మెత్తటి బంకమట్టినీ, ఎరువునూ. రాళ్లను వదిలేస్తాయి. ఏటేటా రాళ్లు పెరుగుతున్నాయని మన పెద్దలు అంటారు గదా. రాళ్లు పెరగలేదు, వాటి చుట్టూ మట్టి తరిగింది.

దీనికి కరువుతో సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. మట్టి నీటికి గోనె లాంటిది. మూరెడు లోతు మట్టి ఉన్న చేను ఒక పెద్ద వాన నీటిని దాచుకుని, బెట్ట రోజుల్లో పైరుకు కొంచెం కొంచెంగా ఇస్తుంది. జానెడు మట్టి ఉన్న చేను దాచుకునేది తక్కువ, తొందరగా ఎండుతుంది. రెండు చేన్ల మీదా ఒకే వాన పడింది, ఒకే బెట్ట వచ్చింది. ఒకదానిలో పైరు నిలబడింది, రెండోదానిలో మాడిపోయింది. అంటే వాన తగ్గకపోయినా మట్టి తగ్గితే చాలు, కరువు వస్తుంది. మన తండాల్లో జరిగింది ఇదే.

దేశం మొత్తం మీద ఏటా హెక్టారుకు సగటున 16 టన్నులకు పైగా మట్టి కోతకు గురవుతోందని 1983లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఎకరానికి సుమారు ఆరున్నర టన్నులు. అది సగటు. గట్టు లేని వాలు చేనులో అంతకంటే ఎక్కువే పోతుంది. అంగుళం మట్టి తయారు కావడానికి మాత్రం వందల ఏళ్లు పడుతుంది.

శెనక్కాయ ఏళ్లు

ఒకప్పుడు మన చేన్లలో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, కంది, అలసంద, ఆముదం కలిసి ఉండేవి. ఒకటి ముందు కోతకొస్తే ఒకటి తర్వాత వచ్చేది. నేల చాలాకాలం ఏదో ఒక ఆకు కింద ఉండేది. కోసిన తర్వాత జొన్న మోళ్లు, కంది వేళ్లు నేలలోనే మిగిలి మట్టిని పట్టుకునేవి. ఒక పంట పోయినా ఇంకొకటి కడుపు నింపేది.

1960ల తర్వాత శెనక్కాయ విస్తరించింది. చేతికి డబ్బు వచ్చే పంట. తక్కువ వానకు తట్టుకుంటుందని పేరు. నూనె మిల్లులు వచ్చాయి. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలైంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొర్ర, సజ్జ పండించుకోవాల్సిన అవసరం తగ్గింది. ఒక దశలో జిల్లాలో సుమారు 20 లక్షల ఎకరాల్లో శెనక్కాయే ఉండేది.

ఇందులో రైతులను తప్పుపట్టడానికి మాకు మనసు రాదు. ఆ డబ్బుతోనే మాలో కొందరం చదువుకున్నాం, టీచర్ ట్రైనింగ్ చేశాం, ఇప్పుడు మీ ముందు ఈ మాటలు రాస్తున్నాం. నేల పక్క నుంచి చూస్తే మాత్రం లెక్క వేరేగా ఉంది. శెనక్కాయ చెట్టును వేరుతో సహా పీకుతాం. నేల గుల్లవుతుంది, మోడు మిగలదు. కట్టె పశువులకు పోతుంది. ఆ చేను మళ్లీ విత్తే దాకా నెలల తరబడి బోసిగా పడి ఉంటుంది. మే, జూన్, జూలై నెలల్లో మన జిల్లాలో గాలులు ఎంత బలంగా వీస్తాయో మీకు తెలుసు. ఇప్పుడు గాలిమరలు తిప్పుతున్నది ఆ గాలులే. ఆ గాలి మెత్తటి మట్టిని ఎత్తుకుపోతుంది, తర్వాత వచ్చే వాన మిగిలినదాన్ని కడిగేస్తుంది. బొమ్మనహాల్, కణేకల్ మండలాల్లో వేదవతి హగరి నది ఇసుకను గాలి ఎగరేసి పొలాల మీద దిబ్బలుగా పోసింది. దర్గా హొన్నూరు, గోవిందవాడ వైపు వెళ్తే సీమలో ఎడారి చూసినట్టే ఉంటుంది.

1990ల మధ్యలో విదేశీ వంటనూనెల దిగుమతికి తలుపులు తెరిచారు. శెనక్కాయ ధర నిలవలేదు. వానలు కుదరని ఏళ్లు వరసగా వచ్చాయి. నీళ్ల కోసం బోర్లు వేశారు. ఒకటి ఎండితే ఇంకొకటి, అప్పు మీద అప్పు. ఆ ఏళ్లలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వారి పిల్లలు కొందరు మా హాస్టళ్లలో చదివారు. వాళ్లకు అన్నం పెట్టి, జడలు వేసి, రాత్రిళ్లు పక్కన కూర్చున్నవాళ్లం గనుక ఇంతకంటే ఎక్కువ ఇక్కడ రాయలేం.

సుగ్గికి పోయిన పెట్టె

దీపావళి సెలవులు అయ్యాక మేము ప్రతి ఏడాదీ భయంగా హాజరు పుస్తకం తెరుస్తాం. చేను పోయిన ఏడాది తండా సుగ్గికి కదులుతుంది. బెంగళూరు, కేరళ, మహారాష్ట్ర చెరకు తోటలు. ముసలివాళ్లు తండాలో మిగులుతారు. మగపిల్లలను ఎలాగో హాస్టల్లో వదులుతారు గానీ, వంటకూ చంటిపిల్లలను చూసుకోవడానికీ అని ఆడపిల్లలను వెంట తీసుకుపోతారు.

"మట్టి యాడికి పోయింది" అని అడిగిన ఆ పిల్ల కూడా అలాగే పోయింది. వాళ్లది గుట్ట వాలున మూడెకరాల డి.కె.టి. భూమి. రెండేళ్లు వరసగా విత్తనం ఖర్చు కూడా రాలేదు. మేము తండాకు వెళ్లాం, వాళ్ల బాపుతో మాట్లాడాం. "మూడు నెలలే మేడం, ఉగాదికి పంపిస్తా" అన్నాడు. ఉగాది వచ్చింది, పిల్ల రాలేదు. పదో తరగతి ఫారం నింపే నాటికీ రాలేదు. ఆ తర్వాతి ఏడాది పెళ్లి చేశారని తెలిసింది. ఆమె రేకు పెట్టె మా స్టోరు రూములో ఇంకా ఉంది. అందులో రెండు జతల బట్టలు, సాంఘిక శాస్త్రం పుస్తకం ఉన్నాయి.

ఆమెను సుగ్గికి పంపింది ఆ ఏడాది వాన ఒక్కటే కాదు. ఉప్పు చట్టం, రైలు, అడవి చట్టం, దొంగలన్న ముద్ర, వాలు మీది పట్టా, ఒకే పంట, కొట్టుకుపోయిన మట్టి, ఇవన్నీ కలిసి పంపాయి. అందుకే కరువును తలరాత అని ఎవరైనా అంటే మాకు కోపం వస్తుంది. తలరాత అనుకుంటే చేతులు ముడుచుకుంటాం. ఎలా జరిగిందో తెలిస్తే ఎక్కడ చేయి పెట్టాలో తెలుస్తుంది.

మన చేతిలో ఉన్నవి

దేశానికంతటికీ ఉపాధి హామీ పథకం మన జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. చేన్లకు గట్లు, రాతి కట్టలు, కందకాలు, నీటి కుంటలు ఆ పథకంలో వచ్చాయి. ఎక్కడ తవ్వాలో గ్రామసభలో చెప్పే హక్కు మనకుంది. మీలో చదువుకున్నవాళ్లు ఆ సభలో కూర్చోవాలి. వాలుకు అడ్డంగా తవ్విన కందకం మట్టిని ఆపుతుంది. వాలు వెంట తవ్వినది మట్టిని ఇంకా తొందరగా దింపుతుంది. ఆ తేడా తెలిసినవాళ్లు అక్కడ ఒక్కరైనా ఉండాలి.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990లో 32 ఎకరాల బీడుతో మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి మంటల నుంచి, నరుకుడు నుంచి కాపాడితే బోడిగుట్టలు మళ్లీ పచ్చబడ్డాయి. ఒకసారి వెళ్లి చూసి రండి. ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులు ఇప్పుడు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, గాలులు వీచే నెలల్లో నేలను ఆకు కింద ఉంచుతున్నారు. ఇది మన తాతల కలిపి విత్తే పద్ధతికి దగ్గరిదే. వేసవిలో చెరువు పూడిక మట్టిని చేన్లకు తోలడం ఇంకా పాత పద్ధతి. కొట్టుకుపోయిన మట్టిని తిరిగి ఇంటికి తెచ్చుకోవడమే అది.

ఇవన్నీ చేస్తే ఏడాదిలో కరువు పోతుందని మేము చెప్పడం లేదు. పోయిన మట్టి మన జీవితకాలంలో తిరిగి రాదు. ఉన్నది పోకుండా ఆపడం మాత్రం మన తరం చేయగలిగిన పని.

రెండు పనులు మీకు అప్పగిస్తున్నాం. మొదటిది, ఈ వేసవిలో మీ తండా పెద్దలను కూర్చోబెట్టి అడగండి: మన తండా ఎప్పుడు ఇక్కడ నిలిచింది, మొదట ఏ గింజలు విత్తారు, ఏ ఏడాది మొదటిసారి సుగ్గికి పోయారు, ఏ వంక అప్పట్లో ఎంత వెడల్పు ఉండేది? నోట్‌బుక్‌లో రాసుకోండి. మన కరువుల చరిత్ర చాలావరకు అధికారులు రాసిందే. మనం రాసింది లేదు. రెండోది, సుగ్గికి కదిలే ఇంట్లో ఆడపిల్ల ఉంటే, బండి కదలక ముందే దగ్గరలోని హాస్టల్‌కు కబురు చేయండి. వలస వెళ్లినవాళ్ల పిల్లలను ఉంచుకోవడానికి ఏర్పాట్లు ఉన్నాయి. అడగడానికి మనిషి కావాలి, అంతే.

శ్రావణం మళ్లీ వస్తుంది. తీజ్ బుట్టల కోసం ఇప్పుడు మా పిల్లలు మట్టిని ముందే చూసుకుంటున్నారు. హాస్టల్ వెనక చేనుకు వాలుకు అడ్డంగా వాళ్లే చిన్న గట్టు వేశారు. పోయిన వానాకాలం దాని పైవైపు నాలుగు వేళ్ల మందాన మెత్తటి ఎర్రమట్టి నిలిచింది. పిల్లలు దాన్ని తట్టలో ఎత్తి బుట్టల కోసం దాచారు.

జై సేవాలాల్.